మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ కోసం ప్రార్థన

మొన్నామధ్య ఒక శుక్రవారం రాత్రి గృహ కూడిక అయిపోయాక, మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా సంఘంలో కుర్రాడొకడు పక్కకి పిలిచాడు. వాడు చిన్నప్పట్నుంచీ తెలుసు. సండే స్కూల్లో వాడికి నేను పాఠాలు చెప్పాను కూడా.

"వందనాలన్నా. ఒక ప్రార్థన మనవి."

"చెప్పు తమ్ముడూ."

"బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ నడుస్తోందన్నా. క్లియర్ అవ్వాలని ప్రార్థించండి. అది అయితే ఆఫర్ వచ్చేసినట్టే."

సంతోషమేసింది. వీడు బీటెక్ అయ్యాక ఏడాది పైగా ఖాళీగా ఉన్నాడు. "తప్పకుండా. ఇంతకుముందు ఎక్కడ చేశావు?" అని మామూలుగా అడిగా. వాడు చెప్పుల వంక చూస్తూ అన్నాడు, "చెయ్యలేదన్నా. మూడేళ్ళు పెట్టించాను."

'పెట్టించాను' అంటే ఏంటో ఇది చదివేవాళ్ళలో ఎక్కువమందికి నేను చెప్పక్కర్లేదు. అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్ళకి అసలే చెప్పక్కర్లేదు. నేను "సరేలే, చేస్తాలే" అని బండి స్టార్ట్ చేశాను. ఎదురుగా ఏదుంటే దానికి సరే అనేసి తర్వాత ఆలోచించటం నాకు స్టేటస్ కాల్స్‌లో అలవాటైన జబ్బు.

ఇంటికొచ్చి, పిల్లలు పడుకున్నాక మోకాళ్ళేశాను. వాడి పేరు తలచుకున్నాను. తర్వాత మాట రాలేదు. ఏమని అడగను? 'ప్రభువా, ఆ వెరిఫికేషన్ చేసేవాళ్ళ కళ్ళు కప్పు' అనా? 'ఆ ఫోన్ ఎత్తేవాడు తడబడకుండా అబద్ధం చెప్పేట్టు చూడు' అనా? అలా అనుకోగానే నాకే నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతున్న విషయం ఏంటంటే, మన సంఘాల్లో 'లోకం' అనే మాట. క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్ళకి ఈ మాట ఉగ్గుపాలతో పోస్తారు. లోకాన్ని ప్రేమించకూడదు, లోకస్తుల్లా ఉండకూడదు, లోకంలో కలిసిపోకూడదు. మాది ఒంగోలు వైపు. మా నాన్న సంఘ పెద్ద. మా ఇంట్లో లోకం అంటే ఒక జాబితా ఉండేది. సినిమా లోకం. సినిమా పాటలు లోకం. సిగరెట్టూ మందూ సరేసరి. ఆడవాళ్ళకైతే నగలు, పూలు, బొట్టు, రంగురంగుల చీరలు. హైదరాబాదు హెబ్రోను వైపు, అంటే భక్తసింగ్ గారి సహవాసాలకి వెళ్ళే మా బంధువులు ఇంకా కట్టుదిట్టం. తెల్లబట్టలు తప్ప వేసేవాళ్ళు కాదు, ఒంటి మీద గ్రాము బంగారం ఉండేది కాదు. మా మేనత్త పెళ్ళిలో ఆమె చేతికి వాచీ తప్ప ఏమీ లేదు.

నేను వీటిని వెక్కిరించటానికి రాయట్లేదు. ఆ మనుషుల్ని దగ్గర్నుంచి చూశాను. నగలు లేని పెళ్ళిళ్ళ వల్ల అప్పులు లేని ఇళ్ళు చూశాను. తాగుడు మానేసిన తండ్రుల్ని చూశాను. వాళ్ళకి ఆ జాబితా వల్ల నిజంగా ఖర్చయ్యింది, నిజంగా మేలూ జరిగింది. నా గొడవల్లా ఆ జాబితా మనదాకా వచ్చేసరికి ఏమయ్యిందనే. మాదాపూర్‌లో కూర్చుని పని చేసుకునే నాకు సిగరెట్టు తాగకపోవటానికి అయ్యే ఖర్చు ఎంత? సున్నా. పబ్‌కి వెళ్ళకపోతే? టీమ్ పార్టీలో కోక్ పట్టుకుని నిలబడతాను, ఎవరూ ఏమీ అనరు. నాకు ఎలాగూ ఆశ లేనివన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. టైమ్‌షీట్ అందులో లేదు. రెజ్యూమె లేదు. మెడికల్ బిల్లుల రీయింబర్స్‌మెంటు లేదు. ఉండని ఇంటికి అద్దె రసీదు లేదు. మా సంఘంలో ఐటీవాళ్ళమే పాతికమంది దాకా ఉన్నాం. ఇన్నేళ్ళలో వీటిమీద ఒక్క ప్రసంగం కూడా విన్న గుర్తు లేదు. జీతం పెరగాలని, వీసా స్టాంపింగ్ అవ్వాలని చేసిన ప్రార్థనలు మాత్రం లెక్కలేనన్ని.

యోహాను మొదటి పత్రికలో లోకం అంటే ఏంటో మూడు మాటల్లో చెప్పాడు. శరీరాశ, నేత్రాశ, జీవపుడంబము. మొదటి రెంటి మీద ప్రసంగాలు బోలెడు. మూడోది ఏంటో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. డంబం అంటే గొప్పలు చెప్పుకోవటం, సరే. జీవపు డంబం ఏంటి? ఆమధ్య మూలభాష వివరాలున్న ఒక పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది, అక్కడ గ్రీకులో వాడిన మాట 'బియోస్'. ప్రాణం అనే అర్థంలో వాడే 'జోయే' వేరే ఉంది. ఈ బియోస్ అంటే బతుకుతెరువు, దానికి ఉన్న ఆస్తిపాస్తులు. అదే పత్రికలో తర్వాతి అధ్యాయంలో, ఉన్నవాడు లేని సహోదరుణ్ణి చూసి మనసు రాయి చేసుకోవటం గురించి చెప్పేచోట కూడా అదే మాట. అంటే బతుకుతెరువు గురించి లేనిది ఉన్నట్టు చెప్పుకోవటం అన్నమాట. రెండువేల ఏళ్ళ కిందటి మనిషి మన రెజ్యూమెలని ఎక్కడ చూశాడో తెలీదు కానీ పట్టుకున్నాడు :)

సరే, మా ఒంగోలు సంగతి ఒకటి చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. అప్పుడు అక్కడ చేరినవాళ్ళు చాలామట్టుకు మాదిగలు, యెర్రగుంట్ల పేరయ్యగారి లాంటివాళ్ళు ఊరూరా తిరిగి చెప్పగా విన్నవాళ్ళు. వాళ్ళకి పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. ఇప్పుడు చదివితే ఇవి కూడా మా నాన్న జాబితా లాగే కనిపిస్తాయి. కానీ ఒక్కోదానికీ వాళ్ళు కట్టిన ధర చూడండి. చచ్చిన గొడ్డు వాళ్ళకి ఊరు ఇచ్చే కూలీలో భాగం. అది వద్దంటే ఆ పూట గంజి పోయినట్టే. జాతర్లో డప్పు కొట్టమంటే ఊరికి ఎదురు తిరిగినట్టే. ఇక ఆదివారం. చెప్పులూ, కపిల బావికి తోలుబానా వాళ్ళ చేతి పనే, కోతలకీ నూర్పిళ్ళకీ వాళ్ళే కావాలి. ఏడింట్లో ఒక రోజు రామని ఒక వెట్టివాడు అనటం అంటే మాటలా? వాళ్ళ యజమానికి ఎస్కలేషన్ మెయిల్ పెట్టే అలవాటు ఉండదు కదా, కర్ర తీసేవాడు. మా తాతల తాతలు ఆ గుంపులోవాళ్ళేనని మా నాయనమ్మ చెప్పేది. రికార్డులేమీ లేవు, నాయనమ్మ మాటే.

ఇందులో నాకు మరీ గుచ్చుకునేది 1876-78 కరువు నాటి సంగతి. జనం చచ్చిపోతుంటే ప్రభుత్వం బకింగ్‌హాం కాలవ తవ్వకం పెట్టింది. క్లౌ అందులో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు, వచ్చినవాళ్ళకల్లా పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. అదే సమయంలో ఏడాది పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. జనం వచ్చి అడిగినా వద్దన్నాడు. కరువు సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మాలయ్యాయి. ఆ ఏడాది చివరికి తొమ్మిది వేలు దాటారు. మా వైపు సంఘాల్లో ఈ 2222 అంకె తెలియని పిల్లాడు ఉండడు. ప్రతి వార్షికోత్సవంలోనూ చెప్తారు. అంతకుముందు ఏడాది పైగా ఉన్న సున్నా గురించి మాత్రం ఎవరూ చెప్పరు. మిషనరీకి అంకెలే కదా అప్రైజల్. అమెరికాలో డబ్బులు పంపేవాళ్ళకి రిపోర్టు రాయాలి. అలాంటి చోట కావాలని సున్నా రాసుకున్నాడాయన. ఈ 2222 ని తలచుకుని మురిసిపోయే మేము ఆ సున్నా దగ్గర ఆగితే బాగుండేది అనిపిస్తుంది.

ఆదివారం మాట వచ్చింది కాబట్టి, నేను రిలీజులున్న ఆదివారాలు పని చేస్తాను. మా పెద్దలకి ఇది నచ్చదు, ఎరిక్ లిడెల్ గురించి చెప్తారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని పరిగెత్తనన్నవాడు. 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో ఓడ ఎక్కుతుంటే ఆ విషయం తెలిసినట్టు చూపిస్తారు. నిజానికి షెడ్యూలు కొన్ని నెలల ముందే తెలుసు, ఆయన అప్పుడే చెప్పేసి నాలుగొందల మీటర్లకి తయారయ్యాడు, 47.6 సెకన్లలో బంగారు పతకం కొట్టాడు. (ఇదీ నాకు నచ్చే విషయమే. ఆఖరి నిమిషంలో డ్రామా చెయ్యలేదు, ముందే చెప్పాడు. మనవాళ్ళు శనివారం రాత్రి పదింటికి చెప్తారు రేపు చర్చి ఉందని.) అయితే ఈ కథ అక్కడితో ఆపేస్తారు. ఆయన 1925లో చైనాకి మిషనరీగా వెళ్ళాడు, యుద్ధంలో జపానువాళ్ళు వైషియెన్ క్యాంపులో పెడితే అక్కడే 1945 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆ క్యాంపులో కుర్రాళ్ళు ఆదివారం హాకీ ఆడతామన్నారు. పెద్దవాళ్ళెవరూ రాకపోయేసరికి ఆట కాస్తా కొట్లాట అయ్యింది. తర్వాతి ఆదివారం లిడెల్ వెళ్ళి తనే రిఫరీగా నిలబడ్డాడు. పతకం వస్తుందని తెలిసినా ఆదివారం పరిగెత్తని మనిషి, ఎవరి పిల్లల కోసమో ఆదివారం విజిల్ ఊదాడు. తన లాభం కోసం వదలని నియమాన్ని పక్కవాడి మేలు కోసం వదిలాడు. నేను ఆదివారం పనిచేసేది లిడెల్ లాగా అని మాత్రం చెప్పను. ఎక్కువసార్లు మేనేజరుకి భయపడే చేస్తాను.

ఇలాంటి ఆఫీసు చిక్కుల గురించి బైబిల్లో నాకు బాగా పనికొచ్చేది రెండవ రాజులు అయిదో అధ్యాయం. సిరియా సేనాధిపతి నయమాను కథ. కుష్ఠు పోయాక నయమాను ఎలీషాని ఒక విచిత్రమైన మనవి అడుగుతాడు. ఇకమీదట నీ దేవుడికే మొక్కుతాను, కానీ మా రాజు రిమ్మోను గుడికి వెళ్తే నా చెయ్యి ఆనుకుని వంగుతాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దానికి నన్ను క్షమించాలి, అని. ఉద్యోగ ధర్మం అన్నమాట. మా పెద్దల్లో ఎవర్ని అడిగినా 'రాజీనామా పెట్టెయ్' అనే అనుంటారు. ఎలీషా ఏమన్నాడు? నెమ్మదిగా వెళ్ళమన్నాడు. అంతే. లెక్చరు లేదు.

అదే అధ్యాయంలో రెండోవాడున్నాడు. గేహజీ, ఎలీషా దగ్గర పనివాడు, ఇప్పటి మాటల్లో ఫుల్ టైమ్ మినిస్ట్రీ. నయమాను ఇవ్వబోయిన కానుకలు ఎలీషా వద్దంటే వీడికి ప్రాణం ఒప్పలేదు. వెనక పరిగెత్తి, ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, వాళ్ళ కోసం కాస్త వెండీ రెండు జతల బట్టలూ ఇమ్మని కట్టుకథ చెప్పాడు. ఒక తలాంతు అడిగితే నయమాను రెండిచ్చి పంపాడు. వాడు అవి ఇంట్లో దాచి, మళ్ళీ వచ్చి ఎలీషా ముందు ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. ఎక్కడికీ వెళ్ళలేదని ఇంకో అబద్ధం ఆడాడు. కుష్ఠు నయమానుని వదిలి వీడికి పట్టింది. రిమ్మోను గుడిలో వంగినవాడు సమాధానంతో ఇంటికెళ్ళాడు. గుడి గడప తొక్కని ప్రవక్త శిష్యుడి ఇంట్లో లోకం మూటకట్టి కూర్చుంది.

ఆఫీసులో దీపావళి పూజ జరిగితే వెళ్ళాలా, ఆయుధపూజ నాడు మానిటర్‌కి బొట్టు పెడితే తుడవాలా అని మా కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. అవి నయమాను ప్రశ్నలు. ఒక్కొక్కరూ వాళ్ళ మనస్సాక్షిని బట్టి తేల్చుకోవచ్చు, పక్కవాళ్ళని నొప్పించకుండా. గేహజీ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ శుక్రవారం కుర్రాడు అడిగింది కూడా ప్రశ్న కాదు, ప్రార్థన మనవి.

వాడి తరఫున కూడా చెప్పాలి కదా. నిన్న కాలేజీలోంచి వచ్చినవాడి ఉద్యోగానికి కూడా మూడేళ్ళ అనుభవం కావాలని రాస్తారు. అనుభవం ఉద్యోగం చేస్తేనే వస్తుంది, ఉద్యోగం అనుభవం ఉంటేనే వస్తుంది. వీడు వందల అప్లికేషన్లు పెట్టాడు, జవాబే లేదు. మూడేళ్ళు పెట్టించాక వారంలో నాలుగు ఫోన్లు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. చెల్లెలి పెళ్ళి ఉంది. ఇంకోటి, ఈ ఇండస్ట్రీ ఏమైనా సత్యహరిశ్చంద్రుడి వంశమా? కొత్తగా చేరిన పిల్లని అయిదేళ్ళ సీనియర్ అని క్లయింటుకి చూపించి బిల్ చేసిన ప్రాజెక్టులు మనలో ఎంతమంది చూడలేదు? నేను చూడటమే కాదు, అలాంటి ప్రొఫైలు ఒకటి నా చేతుల్తో దిద్దాను. ఆ అమ్మాయి నా డెస్క్ పక్కనే నిలబడి ఉంది. "సర్, క్లయింట్ కాల్‌లో దీని గురించి అడిగితే ఏం చెప్పాలి?" అంది. "మ్యూట్‌లో పెట్టు, నేను మాట్లాడతా" అన్నాను. అది జరిగింది ఒక గురువారం. ఆ ఆదివారం చర్చిలో వాక్యపఠనం నాదే.

దానియేలు గురించి మన యూత్ మీటింగుల్లో తెగ చెప్తారు, సింహాల దగ్గర మొదలుపెట్టి సింహాల దగ్గర ముగిస్తారు. సింహాల ముందు జరిగింది నాకు ఎక్కువ భయం వేస్తుంది. బబులోనువాళ్ళు పెట్టిన పేరు ఒప్పుకున్నాడు, వాళ్ళ భాష నేర్చుకున్నాడు, వాళ్ళ కొలువే చేశాడు. రాజుగారి భోజనం ఒక్కటీ వద్దన్నాడు, అదీ పది రోజులు పరీక్షించి చూడమని మర్యాదగా అడిగి. ముసలితనానికి వచ్చేసరికి ఆయన మీద కుళ్ళుకునేవాళ్ళు ఆయన పనిలో తప్పు వెతికారు. అంటే ఆడిట్ జరిగింది. లెక్కల్లో ఏమీ దొరక్కే, చివరికి ఆయన ప్రార్థన మీద పడాల్సి వచ్చింది. నా మీద ఆడిట్ పెడితే సింహాల దాకా వెళ్ళక్కర్లేదు. హెచ్ఆర్ ఫోల్డరు చాలు.

ఎందుకంటే, మొదట్లో దాటేసిన సంగతి ఇదీ. నేను ఎంసీఏ పూర్తిచేసింది 2001లో. డాట్‌కామ్ బుడగ పేలిపోయి, సెప్టెంబరు దాడుల తర్వాత ఉన్న ప్రాజెక్టులు కూడా ఆగిపోయిన రోజులు. ఏడాదిన్నర అమీర్‌పేట హాస్టల్లో సాంబారు తాగి బతికాను. చివరికి అందరూ చేసిందే నేనూ చేశాను. ఒక గది, ఒక లెటర్‌హెడ్డు, ఒక లాండ్‌లైను ఉన్న కంపెనీ. పన్నెండు వేలు. అందులో సగం మా అమ్మ తన చిట్టీ పాడి పంపింది, కోర్సు ఫీజు అనుకుంది. ఇరవై ఆరు నెలల అనుభవం వచ్చింది. 2003లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం మొత్తం ప్రథమ ఫలమని కవర్లో పెట్టి సంఘానికి ఇచ్చాను. ఆ ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. మూసుకున్న తలుపులు దేవుడు తెరిచాడని, అర్హత లేని నన్ను పెద్దవాళ్ళ మధ్య కూర్చోబెట్టాడని. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ ఏడ్చింది. తర్వాత ఎన్నేళ్ళో యూత్ మీటింగుల్లో, సెలవుల బైబిలు స్కూళ్ళలో ఆ సాక్ష్యమే చెప్పించేవాళ్ళు. కొన్నాళ్ళకి నేను కూడా నిజంగా అలాగే జరిగిందని నమ్మేశాను.

దాని మీద నా వాదన కూడా తయారుగా ఉండేది. అందరూ చేశారు. పనిలో చేరాక కష్టపడి నేర్చుకున్నాను, కంపెనీకి నష్టమేమీ చెయ్యలేదు. ఎవరికీ అన్యాయం జరగలేదు.. ఇక్కడ మాత్రం ఎప్పుడూ ఆగేది. ఆ ఇంటర్వ్యూకి నాతోపాటు వచ్చినవాళ్ళలో పెట్టించుకోనివాడు ఎవడైనా ఒకడుండే ఉంటాడు. వాడి ముఖం నాకు తెలీదు. వాడూ ఎక్కడో ప్రార్థన చేసుకునే ఉంటాడు.

ఆ శుక్రవారం తర్వాత నాలుగు రోజులాగి కుర్రాడికి ఫోన్ చేశాను. టీ తాగుదాం రమ్మన్నాను. ముందు వాడి వెరిఫికేషన్ గురించి నేను ప్రార్థన చెయ్యలేదని చెప్పాను. వాడి ముఖం మాడిపోయింది. అప్పుడు నా సంగతి మొత్తం చెప్పాను, పన్నెండు వేలూ, లెటర్‌హెడ్డూ, సాక్ష్యమూ అన్నీ. నా పెళ్ళాంపిల్లలకి కూడా చెప్పని విషయం పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడికి చెప్పటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వాడు వింటూ టీ చల్లార్చేశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. నేను చెప్పింది వాడి మనసుకి తాకిందనుకున్నాను.

"మీ సాక్ష్యం నాకు బాగా గుర్తుందన్నా. నేను అయిదో క్లాసులో ఉన్నప్పుడు చెప్పారు. మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది, నువ్వు కూడా ఆ అన్నలా అవ్వాలిరా అని" అన్నాడు. నేను తలొంచుకున్నాను.

"అంటే మీకు పనిచేసింది కదన్నా" అన్నాడు.

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. సొంతిల్లు, కారు, సంఘంలో మర్యాద, అన్నీ వాడి కళ్ళముందే ఉన్నాయి. వాటితో నేను ఇంతకాలం చెప్పిన ప్రసంగం అదే కదా. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. "పని చేసింది. అందుకే నీకు చెప్తున్నా" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. తెలిసిన నాలుగైదు చోట్ల ఫ్రెషర్‌గానే వాడి రెజ్యూమె ఇస్తానని, ఇంటర్వ్యూకి నేనే కూర్చోబెట్టి తయారుచేస్తానని చెప్పాను. ఆలోచిస్తానన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఆటో ఈఎంఐ నేను కట్టట్లేదు కదా.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. తను కోప్పడుతుందనుకున్నాను. "ఇప్పుడేం చేద్దామని?" అంది. ఆఫీసు రికార్డులో కూడా ఆ ఇరవై ఆరు నెలలు ఉన్నాయన్నాను. "ఉద్యోగం పోతే?" అంది. పోవచ్చు. నలభై ఆరేళ్ళ వాడికి ఈ మార్కెట్లో ఇంకోటి దొరకటం ఎంత కష్టమో ఇద్దరికీ తెలుసు. పెద్దమ్మాయి ఇంటర్లో ఉంది. తను కాసేపు ఊరుకుని, "అత్తయ్యకి మాత్రం మీరే చెప్పండి, ఆ చిట్టీ సంగతి" అంది. అమ్మకి ఇప్పుడు డెబ్భై మూడు. హెచ్ఆర్‌కి చెప్పటం కన్నా అదే కష్టంగా ఉంది.

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఒక ఆదివారం సాక్ష్యం సమయంలో అయిదు నిమిషాలు కావాలని అడిగాను. ఎందుకో చెప్పాను. ఆయన మంచాయన, పెద్దాయన. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "దేవుని దగ్గర ఒప్పుకున్నావు కదయ్యా, చాలదా? ఎప్పటి మాటో.. విన్నవాళ్ళకి అభ్యంతరం అవుతుందేమో, కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. అయితే అబద్ధం చెప్పింది దేవుడికి ఒక్కడికే కాదు కదండీ, మైకులో చెప్పాను అన్నాను. ప్రార్థన చేద్దాం, ఆగు అన్నారు. ఆగాను.

ఈలోగా నా చేతిలో ఉన్నదొకటి చేశాను. లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీ పేరు తీసేశాను. ఎవరూ గమనించలేదు, ఒక రిక్రూటరు మాత్రం ప్రొఫైలు అప్‌డేట్ చేశారు కదా, మారాలనుకుంటున్నారా అని మెసేజి పెట్టాడు. హెచ్ఆర్‌కి రాసిన మెయిలు డ్రాఫ్ట్స్‌లో ఉంది. అమ్మ దగ్గరికి ఈ శనివారం వెళ్తున్నాం. ముందు అక్కడ చెప్పి వచ్చాక మెయిలు పంపుదామని ఇద్దరం అనుకున్నాం.

కుర్రాడు నిన్న రాత్రి ఫోన్ చేశాడు. ఆ వెరిఫికేషన్ ఇంకా పెండింగ్‌లోనే ఉందట. "అన్నా, ఆ ఫ్రెషర్ రెజ్యూమె ఏ ఫార్మాట్‌లో పంపమంటారు?" అని అడిగాడు. రెండోదానికి బదులు ఇదా, లేక రెండూ నడిపిద్దామనుకుంటున్నాడా అని నేను అడగలేదు. ఫార్మాట్ పంపించాను.